కొత్త ఫోనులో బటను పడకపోతే మూలన పడేయొద్దు!

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి



సీతారామపురం కొండకింది పల్లెల నుంచి సంగం దాకా, వరికుంటపాడు నుంచి అనంతసాగరం దాకా ఏ ఇంటికి పొయినా ఒక బటను ఫోను కనిపిస్తుంది. పిల్లకాయల చేతుల్లో టచ్ ఫోన్లు ఎన్నున్నా, అవ్వ చెంగుముడిలో, తాత బనీను జేబులో, జీవాలు తోలుకుపొయ్యేవాళ్ళ నడుముకు ఉండేది చిన్న ఫోనే. ఒకసారి చార్జింగు పెడితే రెండు మూడు రోజులు వస్తుంది. గట్టు మీద నుంచి జారిపడినా బతుకుతుంది. కళ్ళజోడు లేకుండానే బొటనవేలు అంకె వెతుక్కుంటుంది. 5 మీదుండే చిన్న బొడిపె అందుకోసం పెట్టిందే. 2007లో ఐఫోనును లోకానికి చూపించిన రోజున స్టీవ్ జాబ్స్ బటన్ల ఫోన్లను తీసిపారేశాడు. కలిగిరి పొగాకు బ్యారన్ల దగ్గర చెమట చేతుల్తో టచ్ ఫోను నొక్కే అవసరం ఆయనకు రాలేదు పాపం.

ఇప్పుడొస్తున్న చిన్న ఫోన్లు మునుపటివి కావు. 2017లో జియోఫోన్ 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చింది. మరుసటేడు జియోఫోన్ 2 ఇంగ్లీషు అక్షరాలన్నిటికీ విడివిడిగా బటన్లు పెట్టుకొని వచ్చింది. ఆ తర్వాత ఎన్నో కంపెనీలు ఇదే దారి పట్టాయి. 4జీ ఉంటుంది, వీడియోలు వస్తాయి, డబ్బులు కూడా పంపొచ్చు. దుకాణాల్లో వీటిని ‘కీప్యాడ్ స్మార్ట్ ఫోన్’ అని అమ్ముతుండారు. మంచిదే. ఈ కరపత్రం ఏ ఒక్క కంపెనీ మీదా కాదు, ఏ ఒక్క దుకాణం మీదా కాదు. కొన్న వారానికో నెలకో 3 పడని ఫోన్లు, 7 ఒకసారి నొక్కితే రెండుసార్లు పడే ఫోన్లు, ఆకుపచ్చ బటను లోపలికి పొయ్యి తిరిగి లేవని ఫోన్లు మన ఇళ్ళల్లో గూళ్ళలో, బీరువాల మీద పడి ఉన్నాయి. వాటి గురించి.

ఒక్క బటనే గదా, సర్దుకుందాంలే అంటారు కొందరు. ఒక్క బటను పోతే ఏం పోతుందో చూడండి.

గ్యాసు బుక్ చేయాలంటే అవతల గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. మన ఒకటి పడదు. ఆ గొంతుకు ఓపిక తక్కువ, మళ్ళీ మొదటికొస్తుంది. బ్యాంకు ఓటీపీలో 3 ఉంటే ఆ రోజుకు పని కాదు. సిమ్ముకు పిన్ను పెట్టుకున్నవాళ్ళ సంగతి ఇంకా ఘోరం: ఒక అంకె రెండుసార్లు పడి మూడు తడవలు తప్పితే సిమ్ము మూసుకుపోతుంది, పీయూకే నంబరు అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ము పారేయాల్సిందే. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో బటను ఫోన్ల కోసమే యూపీఐ 123పే అని తెచ్చింది. అంతకు ముందు నుంచే *99# ఉంది. అంకెల బటన్లు, చుక్క బటను, గేటు బటను పనిచేయని ఫోనులో ఇవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. తెలుగులో మెసేజ్ కొట్టాలన్నా ఇదే తంటా. మన దేశంలో అమ్మే ఫోన్లలో హిందీ, ఇంగ్లీషుతో పాటు కనీసం ఇంకో భారతీయ భాషలో రాసే వీలుండాలని ఐఎస్ 16333 అనే ప్రమాణం చెబుతోంది. మన అక్షరాలన్నిటినీ ఆ పన్నెండు బటన్ల మీదే సర్దారు కాబట్టి, ఒక బటను పోతే ఒక గుంపు అక్షరాలు పొయినట్టే.

అన్నిటికంటే పెద్దది ఆపద. ఆడబిడ్డల రక్షణ కోసం కేంద్ర ప్రభుత్వం 2016లో ఒక నిబంధన తెచ్చింది. 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి బటను ఫోనులో 5 గానీ 9 గానీ ఒత్తిపట్టుకుంటే ఆపద కాల్ పోవాలి. ఆ 5, ఆ 9 పడని ఫోనును కొత్త ఫోనని డబ్బాలో పెట్టి అమ్మడాన్ని ఏమనాలి? 108కి మూడు అంకెలు. సీతారామపురం పక్క పల్లెలో అర్ధరాత్రి కాన్పు నొప్పులొస్తే ఆ మూడూ పడాలి. ఒకటి పడకపోతే వీధిలో తలుపులు కొట్టుకుంటూ తిరగాల్సిందే.

బటను ఎందుకు చచ్చిపోతుందో కూడా తెలుసుకోండి. అమ్మినవాడు తప్పు మన మీదికి తోసేటప్పుడు ఇది పనికొస్తుంది. పైన కనిపించేది రబ్బరు గానీ ప్లాస్టిక్ గానీ. దాని కింద, సర్క్యూట్ బోర్డు మీద, ఒక్కో అంకెకు ఒక్కో చిన్న లోహపు రేకు గిన్నె బోర్లించినట్టు ఉబ్బి ఉంటుంది. మనం నొక్కితే ఆ రేకు అణిగి కింది గీతలను తాకుతుంది, కరెంటు దారి కలుస్తుంది, అంకె పడుతుంది. ‘టిక్’మనేది ఆ రేకే. రేకు నాసిరకమైతే కొన్నాళ్ళకే మెత్తబడి లేవదు. సరిగ్గా అతికించకపోతే పక్కకు జరుగుతుంది. ఇంకో సంగతి: రేకు తాకేటప్పుడు ఒక్క క్షణంలో ఎగిరెగిరి పడుతుంది, వెయ్యో వంతు సెకన్ల లెక్కలో. ఆ ఎగురుళ్ళను లెక్కలోకి తీసుకోకుండా ఫోనులోని సాఫ్ట్‌వేర్ కాస్త ఆగాలి. ఆగకపోతే ఒక నొక్కుడుకు రెండు ఏడులు పడతాయి. ఇవి తయారీలో జరిగే తప్పులు. దుమ్ము, చెమట, పొగాకు జిగురు కూడా బటన్లను చెడగొడతాయి, కాదనం. కానీ ఏళ్ళ తరబడి వాడితే పట్టే జిగురును కొన్న పదో రోజున మన నెత్తిన రుద్దితే ఒప్పుకోవద్దు.

ఇక మనకు వినబడే సమాధానాలు.

“నీళ్ళు పడ్డాయి, వారంటీ రాదు.” బ్యాటరీ తీస్తే లోపల ఒక చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది చాలా ఫోన్లలో. నీళ్ళు తగిలితే అది ఎర్రబడుతుంది. కొన్న రోజే, దుకాణంలోనే, దాన్ని ఎవరి టచ్ ఫోనుతోనన్నా ఫోటో తీయించండి. సర్వీసు సెంటరులో ఫోను ఇచ్చేటప్పుడు వాళ్ళ ముందే వెనక మూత తీయించి మళ్ళీ ఫోటో తీయండి. తెల్లగా ఉన్న స్టిక్కరు చూపించి నీళ్ళు పడ్డాయని చెప్పేవాడికి నోరు లేవదు.

“అమ్మిన సరుకు వాపసు తీసుకోం, బిల్లు మీద రాసే ఉంది గదా.” ఉంటుంది, ఎర్ర ముద్ర కూడా వేసుంటారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 అని ఒకటుంది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల వాపసు తీసుకొని డబ్బు ఇవ్వనంటే అది ‘అనుచిత వ్యాపార పద్ధతి’ అని ఆ చట్టం 2వ సెక్షన్ 47వ క్లాజులో రాసి ఉంది. మనసు మారి తిరిగిచ్చే సరుకుకు ఆ ముద్ర చెల్లొచ్చు. బటను పడని ఫోనుకు ఆ ముద్ర అడ్డం రాదు.

“బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది, రేటు పెరుగుద్ది.” డబ్బా మీద వేసిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. సెల్ ఫోన్ల మీద 2020 ఏప్రిల్ నుంచి 18 శాతం జీఎస్టీ; బిల్లు తీసుకోని మనం కూడా ఆ ధరలో దాన్ని కట్టేస్తున్నాం. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని అదే క్లాజు చెబుతోంది. బిల్లు మీద దుకాణం పేరు, తేదీ, మోడలు, ఫోను ఐఎంఈఐ నంబరు ఉండేట్టు చూసుకోండి.

“అది కంపెనీ వాళ్ళ పని, మాకు సంబంధం లేదు.” ఇది మన దుకాణందార్లు ఎక్కువగా చెప్పే మాట, వాళ్ళ బాధ కూడా మనకు తెలుసు. ఉదయగిరి బజారులో చిన్న కొట్టు పెట్టుకున్న అబ్బాయి మీద మనకేం పగ లేదు, అతనూ డీలరు చెప్పినట్టు ఆడుతున్నవాడే. కానీ డబ్బు తీసుకున్నది అతను, ఫోను చేసింది కంపెనీ. ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చొచ్చు, చేర్చాలి. అట్టా చేర్చితేనే అతను కూడా డీలరు దగ్గర గట్టిగా మాట్లాడగలడు.

అసలు చిక్కు ఇవేవీ కాదు. అసలు చిక్కు లెక్క. ఉదయగిరి నుంచి నెల్లూరుకు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. సర్వీసు సెంటరు అక్కడే. పోనూ రానూ బస్సు చార్జీ, ఒక రోజు కూలి, మధ్యాహ్నం భోజనం. పొయినాక “పార్టు రాలేదు పెద్దాయనా, వచ్చేవారం రా” అంటారు. ఫోను పదిహేను వందలో రెండు వేలో. రెండోసారి పొయ్యే బదులు కొత్తది కొనుక్కుంటే పోలా అనుకుంటాం. మనం వేసుకున్న ఈ లెక్కను అమ్మేవాళ్ళు మనకంటే ముందే వేసుకున్నారు. చిన్న ఫోనుకు ఎవడూ నెల్లూరు దాకా రాడు, వచ్చినా రెండోసారి రాడు అన్న ధీమా మీదే పడని బటన్లు మన జేబుల్లోకి వస్తున్నాయి. ఆ లెక్కను తిరగేయడానికే ఈ కరపత్రం.

కొనేటప్పుడే మొదలుపెట్టండి. కౌంటరు మీద సిమ్ము వేయించి *#06# కొట్టండి. చుక్క, గేటు, సున్నా, ఆరు నాలుగూ పడ్డాయో లేదో తెలిసిపోతుంది, పైగా 15 అంకెల ఐఎంఈఐ తెర మీదికొస్తుంది. డబ్బా మీద నంబరు, బిల్లు మీద నంబరు, తెర మీద నంబరు ఒకటేనా చూడండి. తర్వాత 1 నుంచి 9 దాకా వరసగా మూడుసార్లు కొట్టండి. ఒక్కటి ఎగిరినా, ఒక్కటి రెండుసార్లు పడినా ఇంకో ఫోను తీయమనండి. ఆకుపచ్చ, ఎర్ర బటన్లు, మధ్యలో ఓకే బటను నొక్కి చూడండి. 5, 9 మాత్రం ఒత్తిపట్టుకోవద్దు, నిజంగానే ఆపద కాల్ పోతుంది. “బేరానికి టైముంది, దీనికి లేదా” అని వెనకవాళ్ళు సణిగినా పట్టించుకోవద్దు. డబ్బా పారేయొద్దు. ఫిర్యాదుకు ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు, చిరునామా డబ్బా మీద అచ్చువేయాలని చట్టమే చెబుతోంది, అక్కడే ఉంటుంది చూడండి.

బటను చెడినాక మన ఊరి రిపేరు కొట్టుకు పరుగెత్తొద్దు. మన రిపేరు పిల్లలు పనిమంతులే. రబ్బరు లేపి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త రేకు అతికించి గంటలో ఇస్తారు. వారంటీ అయిపొయిన ఫోనుకు అదే మంచి దారి. వారంటీ ఉండగా విప్పితే మాత్రం “బయట విప్పించారు” అనే సాకు దొరుకుతుంది కంపెనీకి. ముందు పక్కింటివాళ్ళ టచ్ ఫోనుతో ఒక వీడియో తీయండి: డబ్బా మీది ఐఎంఈఐ కనబడాలి, పక్కన ఫోను తెర కనబడాలి, మీరు 3 నొక్కుతుంటే తెర మీద ఏమీ పడకపోవడం కనబడాలి. అంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

సర్వీసు సెంటరుకు పోతే జాబ్ షీటు, అంటే ఫోను తీసుకున్నట్టు వాళ్ళిచ్చే కాగితం, తీసుకోకుండా కదలొద్దు. ఇక్కడే మోసపోతున్నాం. మనం “మూడు పడటం లేదు” అంటాం, వాళ్ళు కంప్యూటరులో “సాఫ్ట్‌వేర్ అప్‌డేట్” అని కొడతారు. రెండోసారి పొయినప్పుడు అదే బటను చెడిపొయిందని రుజువు ఉండదు. కాగితం మీద “కీప్యాడ్ 3వ బటను పడటం లేదు” అని రాయించండి. ఇంగ్లీషు రాకపోతే చదివే పిల్లకాయనొకణ్ణి వెంటబెట్టుకుపోండి. చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు.

అక్కడా పని కాకపోతే 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. మీ ఫోనులో 1, 9, 5 పడకపోతే పక్కింటి ఫోను అడిగి చేయండి, మొహమాటపడొద్దు. వాట్సాప్ ఉన్నవాళ్ళు 88000 01915కు రాయొచ్చు. వాళ్ళు కంపెనీతో మాట్లాడి పరిష్కారం చూస్తారు, ఆజ్ఞ వేసే అధికారం మాత్రం వాళ్ళకు లేదు. అందుకే ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి, తర్వాత మెట్టుకు అది కావాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకు ఇంకో సంగతి: అమ్మిన సైటు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపల తేల్చాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉందీ మాట.

తర్వాత మెట్టు నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్. పేరు వినగానే “కోర్టా, మనవల్ల యాడ అవుతుంది” అంటారు. వినండి. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు ఒక్క రూపాయి లేదు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. అమ్మినవాడు హైదరాబాదులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా, మనం కాపురముండే జిల్లాలోనే వేయొచ్చు. పాత చట్టంలో ఈ వీలు లేదు, 2019 చట్టంతోనే వచ్చింది. నెల్లూరు దాకా కూడా పోకుండా ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు, విచారణ వీడియోలో జరపమని అడగొచ్చు. రెండేళ్ళ లోపల వేయాలి. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు కావాలంటే ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోను చేసి అడగండి.

ఇప్పుడు లెక్క అవతలివాళ్ళ వైపు తిరుగుతుంది. నోటీసు అందిన కంపెనీ 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆ 45 దాటితే ఒక్క రోజు కూడా పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. రెండు వేల ఫోను కోసం కంపెనీ వకీలును పెట్టాలి, కాగితాలు రాయించాలి, వాయిదాకు రావాలి. ఫోను మార్చి ఇవ్వడం చౌక అని అప్పుడు వాళ్ళకు తోస్తుంది. కమిషన్ తేలిస్తే లోపం సరిచేయించొచ్చు, కొత్త ఫోను ఇప్పించొచ్చు, డబ్బు వడ్డీతో వాపసు ఇప్పించొచ్చు, మన తిరుగుడుకు పరిహారం కూడా. మూడు నెలల్లో, సరుకును పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అంతకంటే ఆలస్యమయ్యే కేసులూ ఉంటాయి, అబద్ధం చెప్పం.

ఒక్కడు వేస్తే ఒక్క ఫోను. ఒకే మోడలు, ఒకే లోపం ఉన్నవాళ్ళు పదిమంది కలిస్తే కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయొచ్చు, 35వ సెక్షన్‌లో ఆ దారి ఉంది. అదే చట్టం కింద కలెక్టరుకు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, విచారించే అధికారం ఆయనకుంది. సోమవారం అర్జీల్లో భూముల గొడవలతో పాటు ఈ చిన్న ఫోన్ల అర్జీలు కూడా ఒక కట్టగా పోవాలి. ఒక కట్టగా పోతేనే ఏ మోడలు ఎన్ని ఊళ్ళల్లో చెడిందో పైవాళ్ళకు కనబడుతుంది.

దుకాణానికి, కంపెనీకి ముందుగా పంపే కాగితం ఇట్టా రాయండి:

“అయ్యా, నేను ……… తేదీన మీ దుకాణంలో ……… కంపెనీ ……… మోడలు బటను ఫోనును ……… రూపాయలకు కొన్నాను. బిల్లు నంబరు ………. ఐఎంఈఐ నంబరు ………. కొన్న ……… రోజులకు ……… బటను పడటం మానేసింది. ……… తేదీన మీకు, ……… తేదీన సర్వీసు సెంటరుకు చూపించాను. జాబ్ షీటు నకలు జత చేశాను. ఫోను నీళ్ళలో పడలేదు, బయట ఎవరిచేతా విప్పించలేదు. 15 రోజుల్లో కొత్త ఫోను ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చేయండి. చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి ఖర్చులు కూడా కోరతాను.”

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఈ కాగితం మీ చేత రాయించడానికి, ఈ-జాగృతిలో ఎక్కించడానికి వచ్చే ఆదివారం పొద్దున 10 గంటలకు ఆత్మకూరు బస్టాండు దగ్గర, ఆ పై ఆదివారం అదే వేళకు ఉదయగిరి బస్టాండు దగ్గర కూర్చుంటాం. చదువుకున్న పిల్లకాయలు టచ్ ఫోన్లతో ఉంటారు, ఫోటోలు, వీడియోలు వాళ్ళే తీస్తారు. పైసా ఇవ్వనక్కర్లేదు, ఎవరన్నా అడిగితే మాకు చెప్పండి. ఆధార్ నకలు, బిల్లు, డబ్బా, వారంటీ కార్డు, జాబ్ షీటు ఏది ఉంటే అది తెండి. బిల్లు లేనివాళ్ళూ రండి. కొన్న రోజు ఫోన్‌పేలోనో బ్యాంకు పుస్తకంలోనో డబ్బు పొయిన ఆనవాలు ఉంటే దాన్ని పట్టుకొని రాద్దాం. కొడుకు గల్ఫ్ నుంచో బెంగుళూరు నుంచో కొని పంపినదైతే అతని దగ్గరున్న బిల్లు ఫోటో తెప్పించుకోండి.

చెడిపొయిన ఫోను తప్పకుండా తెండి. చార్జింగు పెట్టి తెండి, వెలగని ఫోనులో బటను పడటం లేదని ఎవరికీ చూపించలేం.

ఇట్లు,
బటను ఫోను కొని తిప్పలు పడుతున్నవాళ్ళం,
ఉదయగిరి, ఆత్మకూరు,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా

(చదివినాక పారేయకండి, ఫోను కొనబొయ్యేవాళ్ళకు ఇవ్వండి.)